34 ఏళ్లకే గర్భసంచి ఎందుకు తీయాలో ముందు వాళ్లని చెప్పమనండి

మీ ప్రశ్నని ముందు కుదించి రాస్తాను, చదివే మిగతావాళ్లకి సంగతి తెలియాలి కదా. మీ అక్కకి 34 ఏళ్లు, పల్నాడు వైపు పల్లెటూళ్లో ఉంటారు, పొలం పనులకి వెళ్తారు. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు అవగానే 22 ఏళ్లకే పిల్లల ఆపరేషన్ చేయించేశారు. ఏడాదిగా నెలసరిలో రక్తం ఎక్కువ పోతోంది, తెల్లబట్ట అవుతోంది, నడుం నొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ టౌన్లో ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్లాడు. స్కానింగ్ తీసి గర్భసంచి కొంచెం లావైంది, 2 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉంది అన్నారు. లోపల పుండు ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, వారంలోగా గర్భసంచి తీసేయాలి, పనిలో పని అండాశయాలు కూడా తీసేస్తాం అన్నారు. ప్యాకేజీ 60 వేలు. మీ బావగారు అప్పు కోసం తిరుగుతున్నారు, మీరు హైదరాబాద్‌లో కూర్చుని ఏం చెప్పాలో తోచక ఇక్కడ అడిగారు.

నేను గైనకాలజిస్టుని, సర్వీసులో ఎక్కువ భాగం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే గడిచింది. గర్భసంచి తీసే ఆపరేషన్లు నేనూ చేశాను, అవసరం ఉన్నవాళ్లకి ఇప్పటికీ చేయించుకోమనే చెబుతాను. మీ అక్కని చూడకుండా ఆపరేషన్ అక్కర్లేదని తేల్చి చెప్పడం నావల్ల కాదు. కానీ మీరు రాసినదాన్లో వారంలోగా తీయాల్సిన కారణం ఒక్కటంటే ఒక్కటి లేదు, అది మాత్రం గట్టిగా చెప్పగలను. బావగారిని అప్పు కోసం తిరగడం ఇవాళే ఆపమనండి. మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

ముందు ఆ ‘పుండు’ సంగతి. గర్భసంచి ముఖద్వారం దగ్గర లోపలి పొర కాస్త బయటికి వచ్చి ఎర్రగా కనబడుతుంది, చూడగానే పుండులా ఉంటుంది కానీ అది పుండు కాదు. హార్మోన్ల ప్రభావం వల్ల, కాన్పులైన వయసు ఆడవాళ్లలో చాలామందికి ఇలా ఉంటుంది. దాని వల్ల కొంచెం తెల్లబట్ట ఎక్కువ అవ్వచ్చు. క్యాన్సర్‌గా మారే జబ్బు కాదు అది. అయితే కంటికి ఎర్రగా కనబడినది మామూలుదా, అనుమానించాల్సిందా అని తేల్చుకోవడానికి పరీక్ష ఉంది. ముఖద్వారం దగ్గర కణాలు తీసి చూసే పాప్ స్మియర్ గానీ, ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్ష గానీ, అవేవీ లేకపోతే ముఖద్వారానికి వెనిగర్ లాంటి ద్రావణం రాసి తెల్లమచ్చ వస్తుందేమో చూసే పరీక్ష గానీ. ఈ మూడోది 30 దాటిన ఆడవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో డబ్బు తీసుకోకుండా చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. మీ అక్కకి వీటిలో ఒక్కటైనా చేశారా? మీరు రాసినదాంట్లో ఎక్కడా లేదు. పరీక్ష చేయకుండా క్యాన్సర్ పేరెత్తడం అంటే భయపెట్టడమే, దానికి వేరే పేరు లేదు.

పైగా గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ వారంలో రాదు. హెచ్‌పీవీ వైరస్ సోకిన దగ్గర నుంచి క్యాన్సర్‌గా మారడానికి మామూలు రోగనిరోధక శక్తి ఉన్నవాళ్లలో 15 నుంచి 20 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మధ్యలో క్యాన్సర్‌కి ముందు దశ పట్టుబడితే ఆ కాస్త భాగాన్ని అతిచల్లదనంతో గడ్డకట్టించో, వేడితో కాల్చో, చిన్న వైరు లూపుతో కోసో తీసేస్తారు. చాలాసార్లు ఆ రోజే ఇంటికి పంపించేస్తారు. గర్భసంచి మొత్తం తీయాల్సిన పనే ఉండదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు, ఇది జాగ్రత్తగా చదవండి. ఒకవేళ నిజంగానే క్యాన్సర్ ఉందనుకోండి, అప్పుడు దశ తేల్చకుండా టౌన్లో నర్సింగ్ హోంలో చేసే మామూలు గర్భసంచి ఆపరేషన్ అస్సలు చేయకూడదు. క్యాన్సర్‌కి చేసే ఆపరేషన్ వేరు, చాలాసార్లు చుట్టూ ఉన్న కణజాలం, శోషరస గ్రంథులు కూడా తీయాలి, దశ ముదిరితే ఆపరేషన్ బదులు రేడియేషన్ ఇవ్వాలి. పరీక్ష చేయకుండా మామూలు ఆపరేషన్ చేసేసి, తీసిన ముక్క ల్యాబ్‌కి పంపాక క్యాన్సర్ అని రిపోర్ట్ వస్తే ఆ మనిషి పరిస్థితి మొదటికన్నా కష్టంలో పడుతుంది, అప్పుడు వెనక్కి వెళ్లి సరిచేయడం ఏ డాక్టర్‌కైనా తలనొప్పే. అందుకే ‘క్యాన్సర్ అవుతుందేమో కాబట్టి తీసేద్దాం’ అనే మాట ఎటు నుంచి చూసినా తప్పు. క్యాన్సర్ లేకపోతే ఆపరేషన్ అనవసరం, ఉంటే చాలాసార్లు ఆ ఆపరేషన్ సరిపోదు.

స్కానింగ్ రిపోర్ట్‌కి వద్దాం. ఇద్దరు పిల్లల్ని కన్న గర్భసంచి కనని గర్భసంచి కన్నా కొంచెం పెద్దగానే ఉంటుంది. రిపోర్ట్‌లో ‘బల్కీ’ అని రాసేది దీన్నే, చాలాసార్లు అదొక కొలత మాత్రమే, జబ్బు పేరు కాదు. ఇక 2 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలో పుట్టే మామూలు గడ్డ, 50 ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్లలో చిన్నదో పెద్దదో ఉంటుంది, ఎక్కువమందికి అది ఉన్నట్టు కూడా తెలియదు. ముట్లుడిగాక దానంతట అదే కుంచించుకుపోతుంది. అది క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు, 34 ఏళ్ల మనిషిలో ఇంకా అరుదు. అయితే ఆ గడ్డ ఎక్కడుందన్నది ముఖ్యం. గర్భసంచి లోపలి పొర వైపు పొడుచుకొచ్చి ఉంటే చిన్నదైనా బాగా రక్తం పోయేలా చేస్తుంది, అలాంటిదాన్ని కింది నుంచి కెమెరా గొట్టం పంపి గడ్డ వరకే తీసేయొచ్చు. కండరం మధ్యలోనో బయటివైపో 2 సెంటీమీటర్లు ఉంటే, దాన్ని ఈ రక్తస్రావానికి దోషిగా నిలబెట్టడం కష్టం. రిపోర్ట్‌లో ఆ చోటు రాసి ఉంటుంది, చూసి చెప్పండి. రాయకపోతే ఆ రిపోర్ట్‌ని పట్టుకుని ఆపరేషన్‌కి వెళ్లడం ఏమిటో నాకు అర్థం కావట్లేదు.

తెల్లబట్టకి ఆపరేషన్ లేదు. ఇన్ఫెక్షన్ ఉంటే దానికి మందులున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉండే సురక్ష క్లినిక్‌లలో ఆ మందుల కిట్లు ఉచితంగా ఇస్తారు, అవసరమైతే భర్తకి కూడా వైద్యం చేయాలి. నడుం నొప్పికీ గర్భసంచికీ సంబంధం ఉండేది తక్కువ సందర్భాల్లోనే. మిరపకోతల్లో రోజంతా వంగి ఉండే మనిషికి నడుం నొప్పి రాకపోతే ఆశ్చర్యం. గర్భసంచి తీయించుకున్నాక కూడా అదే నడుం నొప్పితో మళ్లీ ఓపీకి వచ్చేవాళ్లు ఏ గైనిక్ డాక్టర్‌కైనా తెలిసినవాళ్లే.

కాబట్టి మీ అక్క అసలు సమస్య రక్తం ఎక్కువ పోవడం. అది నిజమైన సమస్య, తేలిగ్గా తీసుకోవద్దు. ముందు చేయాల్సింది హిమోగ్లోబిన్ చూడడం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం (2019–21లో చేసింది) ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. నీరసం, ఆయాసం, కాళ్లు లాగడం, కళ్లు తిరగడం, వీటిలో చాలావాటికి మూలం అక్కడుంటుంది, కానీ ఇంట్లో అందరూ ‘గర్భసంచి పాడైంది అందుకే’ అనుకుంటారు. తర్వాత థైరాయిడ్ పరీక్ష, అది తేడాగా ఉన్నా నెలసరి ఎక్కువవుతుంది. గర్భం పరీక్ష కూడా చేయాలి, నవ్వకండి, పిల్లల ఆపరేషన్ అయినవాళ్లకీ అరుదుగా గర్భం వస్తుంది, అది ట్యూబులో ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. చిన్నప్పటి నుంచీ నెలసరి ఎక్కువేనా, చిగుళ్ల నుంచి రక్తం వస్తుందా అని అడగాలి, రక్తం గడ్డకట్టడంలో లోపం ఉండొచ్చు. బరువు ఎక్కువ ఉండి నెలసరి క్రమం తప్పి వస్తుంటే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాలి. ఇవన్నీ కలిపి ప్యాకేజీ డబ్బులో చిన్న భాగం కూడా కాదు, ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే దాదాపు ఏమీ అవదు.

కారణం తెలిశాక మందులు. బ్లీడింగ్ అయ్యే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సమిక్ యాసిడ్, మెఫెనమిక్ యాసిడ్ బిళ్లలు చౌక, వీటితోనే చాలామందికి రక్తం బాగా తగ్గుతుంది (కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పాలి, సొంతంగా షాపులో కొని వేసుకోవద్దు). ఐరన్ బిళ్లలు, పడకపోతే ఐరన్ ఇంజెక్షన్. తర్వాత హార్మోన్ బిళ్లలు. ఇవి కుదరకపోతే హార్మోన్ ఉన్న లూప్, గర్భసంచిలో పెడితే ఐదేళ్లకి పైగా పనిచేస్తుంది, నెలసరి చాలా తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది కూడా. దాని ఖరీదు కొన్ని వేలు ఉంటుంది కానీ ఆపరేషన్‌తో పోలిస్తే ఎక్కడ? మన ఊళ్లలో లూప్ అంటే భయం, పైకి ఎక్కేస్తుందనీ గుచ్చుకుంటుందనీ. ఆ భయాన్ని పోగొట్టే తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు, అరగంట కూర్చోబెట్టి చెప్పే డాక్టర్‌కి వచ్చేది కన్సల్టేషన్ ఫీజు, అదే గంటలో ఆపరేషన్ చేస్తే వచ్చేది ఎంతో లెక్క మీకు తెలుసు. అందరు డాక్టర్లూ డబ్బు కోసమే చేస్తారని నేను అనను, అది నిజం కాదు. కానీ తీరిగ్గా చెప్పినందుకు ఏమీ రాక, కోసినందుకే డబ్బు వచ్చే ఏర్పాటులో మంచివాళ్లు కూడా మెల్లగా కత్తి వైపే జరుగుతారు.

ఇప్పుడు అండాశయాల సంగతి. మీ ప్రశ్న మొత్తంలో నాకు బాగా కోపం తెప్పించింది ‘పనిలో పని’ అన్న మాట. 34 ఏళ్లకి రెండు అండాశయాలూ తీసేస్తే మర్నాటి నుంచే మెనోపాజ్, అంటే ముట్లుడగడం. మెల్లగా రావాల్సింది ఒక్క రోజులో వచ్చి పడుతుంది. ఒంట్లోంచి వేడి ఆవిర్లు, రాత్రంతా చెమటలు, నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా ఏడుపు, కలయికలో మంట. ఇవి కనబడేవి. కనబడనివి ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు. అమెరికాలో నర్సుల మీద చేసిన పెద్ద అధ్యయనం 2009లో వచ్చింది, గర్భసంచి తీయించుకున్న 29 వేలకు పైగా ఆడవాళ్లని 24 ఏళ్ల పాటు గమనించారు. అండాశయాలు కూడా తీసేసినవాళ్లలో అండాశయ, రొమ్ము క్యాన్సర్లు తగ్గాయి గానీ గుండెజబ్బులూ మొత్తం మరణాలూ ఎక్కువయ్యాయి. అందుకే చిన్న వయసులో తీయాల్సి వస్తే సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ మాత్రలు వాడాలని చెబుతాం. మీ అక్కకి ఆ మాత్రల గురించి ఎవరైనా చెప్పారా? 34 నుంచి 50 దగ్గర దాకా ఎవరు కొంటారు, ఎవరు గమనిస్తారు? డిశ్చార్జ్ కాగితంలో నొప్పి మాత్రలు, యాంటిబయాటిక్, కాల్షియం రాసి పంపుతారు, అక్కడితో కథ అయిపోతుంది. నలభై దాటేసరికి మోకాళ్లు, నడుము, కాలు జారి పడితే మణికట్టు విరగడం మొదలవుతాయి, వాటికి వేరే డాక్టర్, వేరే బిల్లు, అది పాత ఆపరేషన్ తాలూకు ఖర్చు అని ఎవరూ లెక్క వేయరు. అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రం తీసినా మెనోపాజ్ సగటున కొన్నేళ్లు ముందే వస్తుంది.

ఆపరేషన్ రిస్కులు క్లుప్తంగా. మత్తు వల్ల వచ్చే ఇబ్బందులు, రక్తస్రావం, చీము పట్టడం, మూత్రాశయానికి గానీ మూత్రనాళానికి గానీ దెబ్బ తగలడం. చివరిది తక్కువమందికే జరుగుతుంది, కానీ జరిగితే మూత్రం కారుతూనే ఉంటుంది, మళ్లీ ఆపరేషన్. అందుకే అవసరం ఉన్నప్పుడు ఈ రిస్కు తీసుకోవడం సబబు, అవసరం లేనప్పుడు ఎంత చిన్న రిస్కైనా ఎక్కువే.

డబ్బు. 60 వేలంటున్నారు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 1,800, ఏడాదికి 21,600. అసలు కట్టకుండా మూడేళ్లు గడిస్తే వడ్డీయే 64,800 అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. ప్యాకేజీలో రాని రక్తం సంచులు, మందులు, తోడు ఉన్నవాళ్ల తిండి, ఆటో, ఇవి వేరే. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు బరువులెత్తకూడదు, నీళ్ల బిందె కూడా. అది కోతల సీజన్‌లో పడిందంటే ఏడాదిలో ఎక్కువ కూలి వచ్చే రోజులే పోతాయి. ఇంట్లో వంట, గేదె, పిల్లలు ఎవరు చూస్తారు? చాలా ఇళ్లల్లో బడి మానిపించేది పెద్ద కూతురిని. ఇది ఏ బిల్లులోనూ కనబడదు.

ఇది మీ అక్క ఒక్కరి కథ కూడా కాదు. అదే జాతీయ సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ల గర్భసంచులే ఇలా ఎందుకు పాడవుతాయి? నీళ్లలో ఏమీ లేదు. నాకు తోచిన ఒక కారణం చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి ఏడుగురు పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, అదీ చాలామంది పాతికేళ్లు నిండకముందే. అంటే 23 ఏళ్లకే ఆ మనిషి మనసులో, అత్తగారి మనసులో, డాక్టర్ మనసులో కూడా గర్భసంచి పని అయిపోయింది. ఇక అది నెలనెలా బాధపెట్టే వస్తువు మాత్రమే. కుటుంబ నియంత్రణ అంటే మనకి ఆపరేషనే తప్ప వేరే పద్ధతి అలవాటు కాలేదు, సమస్య వస్తే కోసి తీసేయడం అనే దారి అప్పుడే పడిపోయింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదవాళ్లకి గుండె, కిడ్నీ ఆపరేషన్లు అందించిన మంచి పథకం అది, అందులో నాకు సందేహం లేదు. కానీ కొన్నేళ్లకే గర్భసంచి ఆపరేషన్లు విచ్చలవిడిగా చేస్తున్నారని గోల రేగి, ప్రైవేటు ఆసుపత్రులకి ఈ ఆపరేషన్ ఇవ్వకుండా ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. పథకంలో ఆపితే సొంత డబ్బుతో చేయించుకోవడం ఆగుతుందా, ఆగలేదు. బిహార్, ఛత్తీస్‌గఢ్‌లలో బీమా పథకం కింద ఇదే గొడవ 2012 ప్రాంతంలో బయటపడింది. మహారాష్ట్ర బీడ్‌లో చెరకు కొట్టే కూలీలకి నెలసరి వస్తే పనికి నాగా అవుతుందని, నాగా పడితే జరిమానా అని గర్భసంచులే తీయించుకున్నారు, 2019లో దాని మీద మహారాష్ట్ర ప్రభుత్వం కమిటీ కూడా వేసింది. చివరికి సుప్రీంకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది, అనవసర గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ తయారుచేసిన మార్గదర్శకాలని రాష్ట్రాలన్నీ అమలు చేయాలని. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని వాటిలో ఉంది. మీ జిల్లాలో ఫిర్యాదు చేయాలంటే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి ఆఫీసుకి రాతపూర్వకంగా ఇవ్వండి.

ఆర్‌ఎంపీ గురించి కూడా. అర్ధరాత్రి జ్వరం వస్తే వచ్చేది అతనే, కాబట్టి అతన్ని దొంగ అనేయడం నాకు ఇష్టం లేదు. కానీ పేషెంట్‌ని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం డాక్టర్లకి నిషేధం. అయినా నడుస్తోంది, అందరికీ తెలుసు. అందుకని రెండో అభిప్రాయానికి అతను చెప్పిన ఇంకో ఆసుపత్రికి వెళ్లొద్దు. మీరే తీసుకెళ్లండి.

ఇక్కడ ఒకటి ఆలోచించండి, బహుశా మీరు అడగడానికి మొహమాటపడి ఉంటారు. మీ అక్క స్వయంగా ‘తీసేయమనండి, పీడ పోతుంది’ అంటున్నారేమో కనుక్కోండి. చాలామంది అంటారు. వాళ్లు తెలివితక్కువగా అనడం లేదు. పొలంలో మరుగుదొడ్డి ఉండదు, గుడ్డ మార్చుకునే చోటు ఉండదు, రక్తం చీర మీదికి వస్తుందేమోనని పదిమందిలో సిగ్గు, ఇంటికొస్తే మూడు రోజులు అది ముట్టుకోకు ఇక్కడ కూర్చోకు అనే ఆంక్షలు, దానికి తోడు ఇంత బ్లీడింగ్. అలాంటి మనిషికి ఎవరైనా ఒక్కసారితో పోతుంది అని చెబితే సరే అనక ఏం చేస్తుంది? ఆవిడతో మాట్లాడేటప్పుడు ‘వద్దు, డేంజర్’ అని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేయకండి. ‘రక్తం తగ్గించే వేరే దారి ఉంది, నేను వస్తాను, వెళ్దాం’ అనండి. లేకపోతే మీరు వద్దన్నారని ఆగి, ఆరు నెలలు అలాగే రక్తం పోగొట్టుకుని, హిమోగ్లోబిన్ ఆరుకో ఏడుకో పడిపోయాక ఎమర్జెన్సీలో అదే నర్సింగ్ హోంకి వెళ్తారు. అది మీరు ఆపాలనుకున్నదానికన్నా హీనం.

గర్భసంచి నిజంగా తీయాల్సిన సందర్భాలు ఉన్నాయి, వాటి గురించి చెప్పకపోతే నా జవాబు చదివి ఎవరైనా అవసరమైన ఆపరేషన్ మానుకుంటారని భయం. గర్భసంచి లోపలి పొర బయాప్సీలో క్యాన్సర్ గానీ, క్యాన్సర్‌కి ముందు దశలో ఉన్న మార్పులు గానీ తేలితే తీయాలి. పెద్ద ఫైబ్రాయిడ్లు మూత్రాశయం మీద ఒత్తుతున్నా, మందులూ లూప్ అన్నీ వాడినా రక్తం ఆగకపోయినా, అడినోమయోసిస్‌తో (గర్భసంచి లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయే జబ్బు) నెలనెలా భరించలేని నొప్పి ఉన్నా ఆపరేషన్ మంచి వైద్యమే. గర్భసంచి బాగా జారి బయటికి వస్తే కూడా. కాన్పు సమయంలో రక్తం ఆగకపోతే ప్రాణం కాపాడేది అదే. ఇక ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క రక్తం కనబడినా వెంటనే పరీక్ష చేయించాలి, అక్కడ మాత్రం ఆలస్యం వద్దు.

సంతకం విషయం. మన దగ్గర అంగీకార పత్రం మీద భర్తతో సంతకం పెట్టించి పని కానిచ్చేస్తారు. పెట్టాల్సింది మీ అక్క, చదివి, అర్థమయ్యాక. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 44 ఏళ్ల మహిళ ల్యాపరోస్కోపీ పరీక్ష కోసం వెళ్తే, ఆవిడ మత్తులో ఉండగా తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకి ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కి ఇచ్చినట్టు కాదు, స్పృహలోకి వచ్చి తానే నిర్ణయించుకోగల మనిషి బదులు తల్లి అనుమతి చెల్లదు అని కోర్టు చెప్పింది. ప్రాణాపాయం ఉంటే తప్ప, సమయం డబ్బు కలిసొస్తాయన్న సాకుతో అనుమతి లేని భాగాలు తీయకూడదు అని కూడా. ఆ ‘పనిలో పని’కి ఇంతకన్నా సూటి జవాబు లేదు. ఫారం మీద అండాశయాల మాట ఉందేమో చూడండి, ఉంటే ఎందుకో అడగండి, జవాబు నచ్చకపోతే కొట్టేయించి సంతకం పెట్టమనండి.

మీరు చేయాల్సింది ఇదీ. నర్సింగ్ హోం నుంచి స్కానింగ్ ఫిల్మ్, రిపోర్ట్, రాసిన చీటీ అన్నీ అడిగి తీసుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని నియమం ఉంది, గొడవ పడాల్సిన పని లేదు, మర్యాదగా అడిగినా ఇస్తారు. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) గానీ మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ గైనిక్ ఓపీకి తీసుకెళ్లండి, పొద్దున్నే వెళ్లాలి, రద్దీ ఉంటుంది, సగం రోజు పోతుంది. వెళ్లగానే ‘ఆపరేషన్ చేయాలన్నారు’ అని మొదలుపెట్టకుండా, నెలసరి ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడుతున్నాయా, ఇవి మీ అక్కతోనే చెప్పించండి. ముఖద్వార పరీక్ష, హిమోగ్లోబిన్, థైరాయిడ్ అక్కడే అవుతాయి. ఒకవేళ పరీక్షలో ఏదైనా అనుమానం వస్తే జీజీహెచ్‌లోనే క్యాన్సర్ విభాగం ఉంది, హైదరాబాద్ తెచ్చుకోవాలనుకుంటే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఎంత ఆలోచించినా, అన్ని పరీక్షలూ అయ్యాక ఆపరేషనే సరైనదని రెండో డాక్టర్ కూడా చెబితే, మీ అక్కకి ఇష్టమైతే చేయించండి, సందేహపడొద్దు. హిమోగ్లోబిన్ పెంచుకున్నాక, కోతల సీజన్ కాని నెలలో, అండాశయాలు ఉంచి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉంటే ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ఆసుపత్రిలో ఉండే ఆ పథకం సహాయకుల్ని ముందే అడగండి. తీసిన గర్భసంచిని తప్పకుండా ల్యాబ్‌కి పంపాలి, ఆ రిపోర్ట్ మీ చేతికి రావాలి.

మధ్యలో బ్లీడింగ్ గంటకో ప్యాడ్ తడిసేంతగా అవుతుంటే, కళ్లు తిరిగి పడిపోతే ఓపీ కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి. రిపోర్టులు వచ్చాక పేరు, ఫోన్ నంబర్ కనబడకుండా చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. హిమోగ్లోబిన్ ఎంత, ఫైబ్రాయిడ్ ఏ చోట ఉంది, ఆ రెండూ ముందు రాయండి.